స్టేట్ కాలేజ్‌లో మా పక్కింటి కుర్రాళ్ళు

పెన్సిల్వేనియా రాష్ట్రం నడిబొడ్డున, కొండల నడుమ ఉన్న లోయలో స్టేట్ కాలేజ్ అనే ఊరు ఉంది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం చుట్టూ ఏర్పడి, దానితోపాటే పెరిగిన ఊరు అది. 2001 ఆగస్టులో నేను భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి అక్కడికి వెళ్ళినప్పుడు, నాకంటే ముందు వచ్చిన తెలుగు విద్యార్థులు అద్దెకు తీసుకున్న పాత ఇంట్లో నాకూ ఒక గది దొరికింది. ఆ ఇల్లు ఫెయిర్‌మౌంట్ అవెన్యూ దగ్గర, ఫ్రెటర్నిటీల భవనాలు వరుసగా ఉండే చోట ఉండేది. మా వంటగది కిటికీలోంచి చూస్తే, గుమ్మం మీద గ్రీకు అక్షరాలున్న రాతి భవనం ఒకటి కనిపించేది. అందులో నలభై మంది దాకా కుర్రాళ్ళు ఉండేవారు. ఈ జ్ఞాపకాలు వాళ్ళ గురించి.

ఫ్రెటర్నిటీ అంటే మన హాస్టల్ కాదు, మన విద్యార్థి సంఘాల లాంటిదీ కాదు. గ్రీకు అక్షరాలు పేరుగా పెట్టుకున్న మొదటి విద్యార్థి సంఘం 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టింది. ఇప్పుడు మనం చూసే ఫ్రెటర్నిటీల పరంపర 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాల నుంచి మొదలైందని చెబుతారు. దేశమంతటా విస్తరించిన ఒక సంఘానికి ఒక్కో కళాశాలలో ఉండే శాఖను చాప్టర్ అంటారు. అందులో చేరినవాళ్ళు ఒకరినొకరు అన్నదమ్ములుగా భావించుకుంటారు, ఒకే ఇంట్లో ఉంటారు, చదువు ముగించి వెళ్ళిపోయినా ఆ బంధం తెంచుకోరు. మన విద్యార్థులలో మాత్రం ఆ ఇళ్ళకు మంచి పేరు ఉండేది కాదు. వారాంతాలలో తాగుడు, అర్ధరాత్రి దాటినా ఆగని పాటలు, కొత్తగా చేరేవాళ్ళను ఏడిపించడం, ఇవే అందరి నోటా వినబడేవి. ఆ మాటల్లో నిజం లేదని నేను చెప్పను. అయితే ఆ నిజం పక్కనే మరొకటి కూడా ఉందని చెప్పడం, దాన్ని ఏళ్ళ తరబడి దగ్గర నుంచి చూసినవాడిగా నా బాధ్యత అనుకుంటాను.

2002 మార్చిలో ఒక ఉదయం, ఇంకా కరగని మంచులోంచి ఆ ఇంటి కుర్రాళ్ళు తరగతులకు బయలుదేరుతుంటే, దాదాపు ఎవరికీ తల మీద జుట్టు లేదు. తెలుగువాడి కంటికి గుండు కనబడితే ముందు తిరుపతి గుర్తొస్తుంది, ఆ వెంటనే ఇంట్లో జరిగిన చావు గుర్తొస్తుంది. మా ఇంట్లో ఉండే గుంటూరు అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి, "ఏరా, వాళ్ళలో ఎవరైనా పోయారేమో, కాస్త కనుక్కోరాదూ" అన్నాడు. నేను బోధించే ప్రయోగశాల తరగతిలో ఆ ఇంటి విద్యార్థి ఒకడు ఉండేవాడు. ఆ మధ్యాహ్నం అడిగితే ఎవరూ పోలేదనీ, తమ బాబుకు రక్తపు క్యాన్సర్ అని తేలిందనీ, మందుల వల్ల వాడి జుట్టు రాలిపోతోందనీ, వాడొక్కడే గుండుతో ఉండకూడదని అందరూ కలిసి నిర్ణయించుకున్నారనీ చెప్పాడు. తమ బాబు అని అతడు అన్నప్పుడు తమ్ముడో, అక్క కొడుకో అయి ఉంటాడని అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఐదేళ్ళ పిల్లవాడికీ ఆ ఇంట్లో ఎవరికీ రక్తసంబంధం లేదు.

ఇక్కడ థాన్ గురించి చెప్పాలి. 1973లో పెన్ స్టేట్‌లోని ఫ్రెటర్నిటీల ఉమ్మడి మండలి ఒక డ్యాన్స్ మారథాన్ నిర్వహించింది. ఏటా జరిగే ఆ మారథాన్‌నే థాన్ అంటారు. విద్యార్థి భవనంలోని హాలులో 78 మంది విద్యార్థులు ముప్పై గంటలపాటు నృత్యం చేసి, ఒక మంచి పని కోసం రెండు వేల డాలర్లకు పైగా సేకరించారు. 1977 నుంచి ఆ డబ్బు ఫోర్ డైమండ్స్ అనే నిధికి వెళ్ళడం మొదలైంది. ఆ నిధి వెనుక క్రిస్ మిల్లార్డ్ అనే పిల్లవాడు ఉన్నాడు. క్యాన్సర్‌తో మూడేళ్ళు పోరాడి 1972లో పద్నాలుగేళ్ళ వయసులో చనిపోయిన ఆ బాలుడు, అంతకు కొంతకాలం ముందు బడి కోసం ఒక కథ రాశాడు. ఒక మాంత్రికురాలి చెరలో చిక్కిన యువ వీరుడు ధైర్యం, వివేకం, నిజాయితీ, బలం అనే నాలుగు వజ్రాలను సంపాదించుకుని విడుదల కావడం ఆ కథ. అతడి తల్లిదండ్రులు చార్లెస్, ఇర్మా మిల్లార్డ్ దంపతులు ఆ కథ పేరుతోనే నిధిని నెలకొల్పారు. హెర్షీలో ఉన్న పెన్ స్టేట్ పిల్లల ఆసుపత్రిలో క్యాన్సర్‌కు చికిత్స పొందే పిల్లల కుటుంబాలకు, బీమా చెల్లించగా మిగిలిన ఖర్చును ఆ నిధి భరిస్తుంది. కొంత డబ్బు పరిశోధనకు వెళుతుంది. బీమా ఉన్నా ఆసుపత్రి బిల్లు ఇల్లు అమ్మించగల దేశంలో, బిడ్డ మంచం పక్కన కూర్చున్న తల్లికి బిల్లు రాకుండా చూడడం ఎంత పెద్ద మాటో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుస్తుంది.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. నన్ను కదిలించింది ఆ ఏర్పాటులోని మరొక భాగం. పాల్గొనే ప్రతి చాప్టర్‌కూ, దానితో జతకట్టే సొరోరిటీకీ (అలాంటిదే అమ్మాయిల సంఘం) కలిపి చికిత్స పొందుతున్న ఒక పిల్లవాడి కుటుంబాన్ని అప్పగిస్తారు. ఆ తరువాత వాళ్ళు ఏం చేస్తారన్నది వాళ్ళ మనసును బట్టి ఉంటుంది. పుట్టినరోజుకు ఒక కార్డు పంపి ఊరుకునే వాళ్ళూ ఉంటారు. మా పక్కింటివాళ్ళు అలా ఊరుకోలేదు.

చికిత్స నడుస్తున్నప్పుడు పిల్లల ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోతుంది. మామూలు జలుబు కూడా ఆసుపత్రికి తీసుకుపోగలదు. ఆ బాబు రక్తపరీక్షలు బాగున్న వారాల్లో, వైద్యులు సరేనంటే, తల్లిదండ్రులు వాణ్ణి తీసుకుని శనివారం ఆ ఇంటికి వచ్చేవారు. ముందు రోజు రాత్రి ఏ విందూ పెట్టుకోకూడదని చాప్టర్‌లో నియమం ఉండేది. ఉదయం ఏడింటికల్లా బ్లీచింగ్ వాసన మా వంటగదిలోకి వచ్చేది. ఏళ్ళ తరబడి బీరు ఒలికి చెప్పులు అతుక్కుపోయే ఆ కింది అంతస్తు నేలను మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షులతో తోమేవారు. దగ్గు, తుమ్ము ఉన్నవాడు ఆ రోజు ఇంట్లో ఉండడానికి వీలులేదు, స్నేహితుల గదులకు వెళ్ళిపోవాలి. మిగిలినవాళ్ళు వంటగది కుళాయి దగ్గర వరుసగా నిలబడి, ఆపరేషన్‌కు వెళ్ళే డాక్టర్లలా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. ఎవరూ పర్యవేక్షించే వాళ్ళు లేరు, ఎవరూ ఫొటోలు తీసే వాళ్ళు లేరు. బాబు వచ్చాక ఆటబొమ్మల రైలు పట్టాలు హాలు పొడవునా పరిచి, వాడు ఎలా చెబితే అలా మలుపులు తిప్పేవారు. వాడు అలసిపోయి సోఫాలో నిద్రపోతే, ఇరవై ఏళ్ళ ఆ కుర్రాళ్ళు లేచేదాకా గుసగుసలతోనే మాట్లాడుకునేవారు.

చలికాలంలో వాళ్ళు డబ్బా పట్టుకుని రోడ్డెక్కేవారు. కాఫీ డబ్బాకు కాగితం అతికించి, పెన్సిల్వేనియాలోని ఊళ్ళకు కార్లలో వెళ్ళి, కూడళ్ళలో ఎర్రదీపం పడ్డప్పుడల్లా ఆగిన కార్ల మధ్య నడుస్తూ చిల్లర అడిగేవారు. స్టేట్ కాలేజ్‌లో ఉండే తెలుగువాళ్ళం వీలు దొరికినప్పుడల్లా పిట్స్‌బర్గ్ కొండ మీద ఉన్న వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేవాళ్ళం. 1970ల నుంచీ ఉన్న ఆ గుడి అమెరికాలోని తెలుగువాళ్ళకు తిరుపతితో సమానం. ఆ దారిలో ఒక కూడలి దగ్గర, ముక్కులు ఎర్రబడి, పొడుగు కోట్లలో వణుకుతూ నిలబడ్డ మా పక్కింటి కుర్రాళ్ళు కనిపించారు. కారు అద్దం దించి, హుండీలో వేద్దామని తెచ్చుకున్న డబ్బులో సగం ఆ డబ్బాలో వేశాం. స్వామి ఏమీ అనుకోడన్న నమ్మకం మా అందరికీ ఉంది. తరువాతి సంవత్సరాలలో అలాంటి ప్రయాణాలలో రోడ్డు ప్రమాదాలు జరిగి విద్యార్థులు ప్రాణాలు కోల్పోయాక, ఆ పద్ధతిని క్రమంగా ఆపివేశారు. అది సరైన నిర్ణయమే.

ఫిబ్రవరిలో జరిగే ఆ మారథాన్ అప్పట్లో రెక్ హాల్ అనే పాత వ్యాయామశాలలో జరిగేది. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రం దాకా, 48 గంటలు. నృత్యం చేసేవాళ్ళు ఆ మొత్తం సమయంలో నిద్రపోకూడదు, కూర్చోకూడదు. లోపల జనం నిండిపోతే, ఒకరు బయటకు వచ్చేదాకా మరొకరిని పంపేవారు కాదు కాబట్టి, మంచులో వరుస కట్టి నిలబడి లోపలికి వెళ్ళాం. శనివారం అర్ధరాత్రి దాటాక ఆ హాలులో ఉన్న స్థితిని చూడాలి. నా తరగతిలోని ఆ విద్యార్థి తనకు తోడుగా నియమించిన అమ్మాయి భుజాల మీద రెండు చేతులూ వేసి నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. పాదాలు వాచి, బూట్ల తాళ్ళు వదులు చేసుకున్నాడు. ఆ సమయంలోనే, ఇంకా మేలుకుని ఉన్న పిల్లలు నీళ్ళ తుపాకులతో వచ్చి అతడి ముఖం మీద చిమ్మితే, ఒక్కసారిగా తేరుకుని వాళ్ళ వెంట పరుగెత్తాడు. ఆదివారం చివరి గంటల్లో కుటుంబాలు ఒక్కొక్కటిగా వేదిక మీదకు వచ్చి మాట్లాడతాయి. చికిత్స ముగించుకున్న పిల్లలు ఉంటారు, మధ్యలో ఉన్నవాళ్ళు ఉంటారు, ఫొటో మాత్రమే మిగిలిన ఇళ్ళవాళ్ళూ ఉంటారు. వేల మంది ఉన్న ఆ హాలులో అప్పుడు ఒక్క మాట వినబడదు.

అన్నిటికంటే నేను ఎక్కువగా తలచుకునేది మాత్రం ఈ హడావుడి ఏదీ లేని ఒక అక్టోబరు శనివారం. కార్లు చాలక, వస్తావా అని నన్ను అడిగారు. జునియాటా నది పక్కన 322వ నంబరు రహదారి మీద వెళితే వచ్చే చిన్న ఊళ్ళో ఒక ఇంటికి తీసుకెళ్ళారు. ఈ బాబు కంటే ముందు ఆ చాప్టర్‌కు అప్పగించిన కుటుంబం అది. ఆ ఇంటి పాప 1999లోనే చనిపోయింది. చికిత్స లేదు, సేకరించవలసిన డబ్బు లేదు, థాన్ నియమాల ప్రకారం చేయవలసిన పని కూడా ఏమీ మిగలలేదు. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు వాళ్ళు అక్కడికి వెళతారు. వెళ్ళిన వెంటనే గ్యారేజీలోంచి పళ్ళగొర్రులు తీసుకుని పెరట్లోని మేపుల్ ఆకులు ఊడ్చడం మొదలుపెట్టారు. ఇద్దరు నిచ్చెన వేసి చూరు కాలువల్లో కుళ్ళిన ఆకులు తీశారు. మధ్యాహ్నం ఆ తల్లి టమాటా సూపు, చీజు పెట్టి కాల్చిన బ్రెడ్డు వడ్డించింది. భోజనాల బల్ల దగ్గర పాప కబుర్లు మొదలయ్యాయి. పేకాటలో ఎలా దొంగాట ఆడేదో, నర్సులకు ఏ పేర్లు పెట్టిందో, ఊదారంగు సాక్సులు తప్ప మరొకటి వేసుకోనని ఆసుపత్రిలో ఎలా మొండికేసిందో చెప్పుకుని నవ్వుతున్నారు.

కాసేపటికి నాకు ఒక సంగతి అర్థమైంది. ఆ కబుర్లు చెబుతున్న కుర్రాళ్ళలో చాలామంది ఆ పాపను ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్ళు కాలేజీలో చేరేసరికే ఆమె లేదు. పై తరగతులవాళ్ళు తమకు చెప్పినవి వీళ్ళు గుర్తుపెట్టుకున్నారు, వెళ్ళిపోయేముందు తరువాత వచ్చేవాళ్ళకు అప్పగిస్తారు. మన ఇళ్ళల్లో తాతను ఎన్నడూ చూడని మనుమడు తండ్రి పోయాక తద్దినం బాధ్యత తీసుకుని, పేరూ గోత్రమూ చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలినట్టు, ఆ ఇంటి బాధ్యత ఒక తరగతి నుంచి మరొక తరగతికి చేరుతోంది. మన ఊళ్ళల్లో చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ దాకా జనం వస్తూనే ఉంటారు. ఆ తరువాతే ఆ ఇంటివాళ్ళకు అసలు కష్టం మొదలవుతుంది, అప్పటికి పలకరించేవాళ్ళు ఉండరు. దానికి ఎవరినీ తప్పుపట్టలేం, ఎవరి బతుకులు వాళ్ళకు ఉంటాయి. కానీ పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు ఆ ఖాళీని గుర్తించి అక్కడికి వెళ్ళి కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

సేవ అనే మాట నాకు కొత్తది కాదు. డిగ్రీ చదివేటప్పుడు నేను ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరుని. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలతో మొదలైన ఆ పథకం వల్లనే పల్లెలో పలుగూ తట్టా పట్టుకోవడం మా తరంలో చాలామందికి అలవాటైంది. ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, దత్తత గ్రామంలో శిబిరం పెట్టాలి. మేము వేసిన మట్టిరోడ్డు మీద ఆ ఊరి బడిపిల్లలు నడవడం చూసి పొందిన సంతోషం నాకు ఇప్పటికీ అలాగే ఉంది. మేము ఊరికి సేవ చేశాం. వీళ్ళు ఒక ఇంటికి చేశారు, ఆ ఇంట్లోని ప్రతి మనిషినీ పేరుతో ఎరిగి చేశారు. రెండూ కావలసినవే. రెండోది మనసుకు ఎక్కువ భారం, ఎందుకంటే అక్కడ పని చెడిపోతే పోయేది రోడ్డు కాదు.

2005 వసంతంలో ఆ చాప్టర్‌కు సేవకు, దయకు గుర్తింపుగా ఒక పురస్కారం వచ్చింది. పక్కింటివాణ్ణి కావడం వల్ల నన్నూ విందుకు పిలిచారు. బట్టల దుకాణం నుంచి అద్దెకు తెచ్చుకున్న కోటుల్లో కుర్రాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు. వాళ్ళు సేకరించిన డాలర్లు, పనిచేసిన గంటలు వేదిక మీద చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరువాత జునియాటా ఒడ్డు నుంచి వచ్చిన ఆ తల్లి లేచి మాట్లాడింది. తన బిడ్డ పేరు ఎత్తితే తాను ఏడుస్తానేమోనని ఊళ్ళో అందరూ జంకుతారనీ, చుట్టాలు కూడా మాట మార్చేస్తారనీ, ఈ పిల్లలు మాత్రం తన బల్ల దగ్గర కూర్చుని ఆ పేరు గట్టిగా పలుకుతారనీ చెప్పింది. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. పురస్కారంలో దయ అన్న మాట ఎందుకు చేర్చారో, చదివిన అంకెల్లో నాకు కనబడనిది, ఆమె మాటల్లో కనబడింది. మన బాబు కూడా ఆ రోజు వచ్చాడు. మూడేళ్ళకు పైగా సాగిన మందులు అప్పటికి ముగింపుకు వచ్చాయి, తల నిండా జుట్టు ఉంది, బల్లల కింద దూరి పరుగులు తీస్తున్నాడు.

ఫ్రెటర్నిటీలను గురించి మంచి చెప్పేటప్పుడు చెడును దాచడం నాకు ఇష్టం లేదు. 2017లో అదే ఊళ్ళో, వేరొక ఫ్రెటర్నిటీ భవనంలో, కొత్తగా చేరబోతున్న పందొమ్మిదేళ్ళ విద్యార్థి చేత విపరీతంగా తాగించారు. అతడు మెట్ల మీద నుంచి పడిపోయి గంటల తరబడి పడి ఉన్నా ఎవరూ సాయం పిలవలేదు, అతడు చనిపోయాడు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియాలో అలాంటి చర్యలను తీవ్రమైన నేరంగా పరిగణించే చట్టం వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా బాధ కలిగింది. థాన్‌లో సేకరించిన కోట్ల డాలర్లు ఆ ప్రాణానికి బదులు కావు, ఎవరూ అలా అనుకోకూడదు కూడా. ఒకే రకమైన కప్పుల కింద, ఒకే వయసు పిల్లలు, ఒక చోట తోటివాడు పడిపోతే పట్టించుకోలేదు, మరొక చోట ఎన్నడూ చూడని పాప కోసం నిచ్చెనలెక్కారు. ఆ తేడా పెంపకానిదో, పెద్దవాళ్ళు నేర్పిన అలవాటుదో, నేను ఎంత ఆలోచించినా అలవాటు వైపే మొగ్గుతాను. ఆ ఇంట్లో కొత్తగా చేరినవాడికి మొట్టమొదట అప్పగించే పని ఆ తల్లికి ఉత్తరం రాయడం.

నేను 2006లో చదువు ముగించుకుని ఆ ఊరు విడిచాను. రెక్ హాల్‌లో థాన్ జరిగిన చివరి సంవత్సరం అదే. మరుసటి ఏడాది నుంచి అది బ్రైస్ జోర్డన్ సెంటర్ అనే పెద్ద ప్రాంగణానికి మారింది, 48 గంటలు 46 అయ్యాయి. 2013లో ఒక్క ఏడాది సేకరణ కోటీ ఇరవై మూడు లక్షల డాలర్లు దాటింది, 2023లో కోటీ యాభై లక్షలకు చేరింది. నా తరగతిలో చదివిన ఆ విద్యార్థి ఇప్పుడు ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు, అప్పుడప్పుడు ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తాయి. ఆ మధ్య, జునియాటా ఒడ్డున ఉన్న ఇల్లు అమ్మేసి ఆ తల్లి తన కొడుకు దగ్గరకు వెళ్ళిపోతోందని రాశాడు. సామాను సర్దడానికి చాప్టర్ నుంచి రెండు వ్యాన్లలో కుర్రాళ్ళు వెళ్ళారట. పాప గదిలోని పెట్టెలు మోసినవాళ్ళలో, ఆమె చనిపోయిన తరువాత పుట్టినవాళ్ళే ఎక్కువమంది.